తలుపులు తీసేసినందుకు అదనపు డబ్బులా?

మా రోజుల్లో కారులోంచి ఏది పీకేసినా ధర తగ్గేది. రేడియో వద్దంటే తగ్గేది, హీటరు వద్దంటే తగ్గేది. ఇప్పుడు కంపెనీవాళ్ళే పీకేసి, పీకినందుకు మన దగ్గర వసూలు చేస్తున్నారు. తలుపు లోపలి హ్యాండిల్ తీసేసి గుడ్డపట్టీ కుడితే ఒక రేటు, పైకప్పు కార్బన్ ఫైబర్‌ది వేస్తే ఒక రేటు, మెగ్నీషియం చక్రాలకి మరో రేటు. ఆ రేట్ల పట్టిక ముందేసుకుని కుర్రాళ్ళు పొద్దస్తమానం వాదించుకుంటారు. ఇంత డబ్బు పెట్టొచ్చా, పెట్టకూడదా? ఒక్కో హార్స్‌పవర్ ఎంతకి పడుతోంది? మూడేళ్ళ తర్వాత అమ్మితే ఎంతొస్తుంది? ఎన్ని కార్లు చేశారు, మనది ఎన్నో నంబరు? ఇన్ని అడుగుతారు గానీ, ఆ కారు మూలమలుపులో ఎలా తిరుగుతుందని అడిగేవాడు కనపడడు.

నేను ఉండేది ఇంగ్లండ్‌లో, నార్విచ్ ఊరి బయట. ఇక్కడి ఆసుపత్రుల్లో డాక్టరుగా పనిచేసి రిటైరయ్యాను. లోటస్ కార్లు తయారయ్యే హెథెల్ మాకు దగ్గరే. అదే దారిలో ఇంకాస్త ముందుకెళ్తే స్నెటర్టన్ రేస్ ట్రాక్. రెండూ రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికన్ బాంబర్లు ఎగిరిన విమానాశ్రయాలే. యుద్ధం అయిపోయాక ఆ రన్‌వేల మీద కార్లు పరిగెత్తాయి. ఎవరి కారు వాళ్ళు తెచ్చుకుని నడుపుకునే ట్రాక్ డే ఉన్నప్పుడు వెళ్ళి పిట్ లేన్ పక్కన నిలబడతాను. లండన్ నుంచి, రెడింగ్ నుంచి మన తెలుగు పిల్లలు కూడా వస్తారు. మంచి ఉద్యోగాలు, మంచి కార్లు. వాళ్ళని చూస్తే ముచ్చటేస్తుంది. వాళ్ళ లెక్కలు వింటేనే కడుపు మండుతుంది.

2015లో లోటస్ వాళ్ళు 3-ఎలెవెన్ అని ఒక కారు చూపించారు. పైకప్పు లేదు, తలుపులు లేవు, ముందు అద్దం పేరుకి చిన్న పలక. టయోటా వి6 ఇంజనుకి సూపర్‌చార్జర్ తగిలించి 400 దాటిన హార్స్‌పవర్ తీశారు. కారు బరువు దాదాపు 900 కిలోలు. రోడ్డు మీద నడిపే రకం ధర 82 వేల పౌండ్లు, రేసు రకం లక్షా పదిహేను వేలు. మొత్తం 311 కార్లే చేస్తామన్నారు. ఇక చూసుకోండి గొడవ! ఇంకో ఇరవై వేలు వేసుకుంటే పోర్షా 911 జీటీ3 వస్తుంది కదా, దానికి ఏసీ ఉంది, తలుపులున్నాయి, వానొస్తే తడవం అని ఒక వర్గం. ట్రాక్ మీద దీని ముందు అదేం నిలుస్తుందని ఇంకో వర్గం. పదేళ్ళయినా ఆ వాదన చావలేదు. కార్ల పేర్లు మారతాయంతే.

నేను రెండో వర్గమే, దాచుకోను. అయినా నా ఫిర్యాదు వేరే ఉంది. తేలిక కారనేది అసలు డబ్బు లేనివాడి ఉపాయం. పెద్ద ఇంజను కొనలేనివాడు బరువు తీసేసి వేగం సంపాదించుకునేవాడు. ఆ ఉపాయాన్ని పట్టుకెళ్ళి ధనవంతుడికి అమ్ముతున్నారు, అదీ నా బాధ.

మద్రాసులో చదువుకునే రోజుల్లో చోళవరం రేసులకి వెళ్ళేవాళ్ళం. మాది నాయుడుపేట వైపు. మా బస్సు రెడ్‌హిల్స్ చేరకముందే చోళవరం దాటాలి, కాబట్టి ఆ పేరు చిన్నప్పటి నుంచీ తెలిసిందే. అది కూడా యుద్ధకాలపు విమానాల పట్టీయే. విదేశాల నుంచి తెచ్చిన ఫార్ములా కార్లు ఒకటీ రెండూ ఉండేవి, అవి మహారాజుల కొడుకులవీ కోటీశ్వరుల కొడుకులవీ. మా కళ్ళన్నీ మాత్రం షెడ్డు మెకానిక్కులు తెచ్చిన ఫియట్ల మీదా హెరాల్డ్‌ల మీదా ఉండేవి. సీట్లు పీకేసేవాళ్ళు. అద్దాలు తీసి ప్లాస్టిక్ రేకు బిగించేవాళ్ళు. బంపర్లు, డిక్కీ మూత, లోపలి అట్టలు, చప్పుడు రాకుండా అంటించిన తారు పట్టాలు కూడా గోకిపారేసేవాళ్ళు. ఇంజను హెడ్ ప్లేన్ చేయించి, కార్బ్యురేటర్ జెట్లు మార్చి, సైలెన్సరు తీసేసి దింపేవాళ్ళు. అంత పనికీ అయ్యే ఖర్చు మెకానిక్ చెమటే. పారేసిన సీట్లు అమ్ముకుంటే ఒకోసారి టైరు డబ్బులు వచ్చేవి.

ఆ దారిలోనే కోయంబత్తూరు కరివర్ధన్ నడిచారు. మిల్లుల కుటుంబం, డబ్బుకి లోటు లేదు. అయినా ఆయన పట్టుకున్నది మారుతి 800 ఇంజను. దాన్ని ఒక్క మనిషి కూర్చునే చిన్న చట్రంలో పెట్టి 1980ల చివర్లో ఫార్ములా మారుతి తయారుచేశారు. మన దేశంలో ఒక తరం కుర్రాళ్ళు సింగిల్ సీటర్ నడపడం నేర్చుకున్నది ఆ బండి మీదే. 1995లో ఆయన విమాన ప్రమాదంలో పోయారు. కోయంబత్తూరు దగ్గరి ట్రాక్‌కి ఆయన పేరే పెట్టారు. ఎనిమిది వందల సీసీ ఇంజనుతో ఏం రేసు అని నవ్వే పిల్లలకి ఆయన సంగతి చెప్పకుండా వదలను.

ఇంగ్లండ్‌లోనూ కథ ఇదే. లోటస్ పెట్టిన కోలిన్ చాప్‌మన్ మొదటి కారు పాత ఆస్టిన్ సెవెన్ విప్పి కట్టుకున్నదే. 1957లో ఆయన లోటస్ సెవెన్ తెచ్చాడు. ఇనుప గొట్టాల చట్రం, దాని మీద అల్యూమినియం రేకు, సాధారణ ఫోర్డ్ ఇంజను. బరువు అర టన్ను అటూ ఇటూ. పూర్తి కారు కొంటే కొనుగోలు పన్ను పడేది, విడి భాగాలుగా కొంటే పడేది కాదు. అందుకని జనం పెట్టెల్లో తెచ్చుకుని ఇంట్లోనే బిగించుకునేవాళ్ళు. ధర దాదాపు సగమయ్యేది. బడిపంతులు, గుమాస్తా, చిన్న జీతపు ఇంజనీరు వారాంతంలో రేసుకెళ్ళి సోమవారం అదే కారులో పనికి పోయేవాడు. 1973లో వ్యాట్ వచ్చి ఆ పన్ను వెసులుబాటు పోయింది. అదే ఏడు కేటర్‌హామ్ వాళ్ళు సెవెన్ హక్కులు కొనుక్కుని నేటికీ చేస్తున్నారు, వాళ్ళకి దండం పెట్టాలి.

1996లో వచ్చిన లోటస్ ఎలీస్‌ని చూసినప్పుడు నాకు పట్టపగ్గాల్లేవు. మొదటి రకం బరువు దాదాపు 725 కిలోలు. అల్యూమినియం పట్టీలని వెల్డింగ్ చేయకుండా జిగురుతో అంటించి చట్రం కట్టారు. ఆ చట్రం బరువు 68 కిలోలు, అంటే ఒక మనిషంత! ఇంజను రోవర్ వాళ్ళ 1.8 లీటర్లది, 118 హార్స్‌పవర్. ధర 20 వేల పౌండ్ల లోపే. ముందు టైరు వెడల్పు 185, వెనకది 205. ఇప్పటి పోర్షా జీటీ3 ఆర్‌ఎస్ బరువు 1,450 కిలోలు, వెనక టైరు 335. సరిగ్గా రెండు ఎలీస్‌ల బరువన్నమాట, అదీ ట్రాక్ కోసం ప్రత్యేకంగా తేలిక చేశామని చెప్పుకునే కారు.

అబ్బయా, ఈ లెక్క చూడు. ఒకే వేగంతో వచ్చిన రెండు కార్లు మలుపు ముందు బ్రేకు వేస్తే, రెట్టింపు బరువున్నదాని బ్రేకులు రెట్టింపు శక్తిని వేడిగా మార్చి బయటకి పంపాలి. అందుకని డిస్కులు పెద్దవి కావాలి. పెద్ద డిస్కు పట్టాలంటే పెద్ద చక్రం, దానికి వెడల్పు టైరు, వాటిని మోయడానికి బలమైన సస్పెన్షన్, ఆ బరువంతా లాగడానికి పెద్ద ఇంజను, ఆ ఇంజనుకి పెద్ద రేడియేటర్లు. బరువే బరువుని కంటుంది. టైరు దగ్గర ఇంకో తిరకాసుంది. దాని మీద బరువు రెండింతలు చేస్తే పట్టు రెండింతలు కాదు, కొంత తక్కువే పెరుగుతుంది. కాబట్టి మలుపులో తేలిక కారుకి పుట్టుకతోనే మొగ్గు. చాప్‌మన్ జీవితమంతా నమ్మిందీ ఇదే: హార్స్‌పవర్ పెంచితే తిన్నటి రోడ్డులోనే లాభం, బరువు తగ్గిస్తే ప్రతిచోటా లాభం. సాయంత్రానికి టైర్లూ ప్యాడ్లూ చూస్తే తెలుస్తుంది. బరువు కార్లవాళ్ళు కొత్త టైర్ల ధర తలుచుకుని మొహాలు వేలాడేస్తారు. ఎలీస్‌వాడు అదే టైర్లతో ఇంటికి పోతాడు. ఒక్కో హార్స్‌పవర్ ఎంత పడిందో అడిగేవాళ్ళు ఒక్కో ల్యాప్ ఎంత పడుతోందో ఎందుకు అడగరు?

మా రోజుల్లో అంతా బంగారమని నేననను. చాప్‌మన్ తేలిక పిచ్చికి మనుషులు పోయారు. 1970 సెప్టెంబరు 5న మోంజాలో ప్రాక్టీసు చేస్తుండగా యోకెన్ రింట్ లోటస్ 72లో చనిపోయాడు. ముందు బ్రేకు షాఫ్టు విరిగిందని తేలింది, గార్డు రెయిలింగు సరిగా బిగించకపోవడం ప్రాణం తీసింది. ఆ ఏడు ప్రపంచ చాంపియన్ బిరుదు పోయిన మనిషికే దక్కింది, అంతకుముందుగానీ తర్వాతగానీ అలా జరగలేదు. డాక్టరుగా నేను చూసింది వేరే. 1983 జనవరి ఆఖర్లో ఈ దేశంలో ముందు సీట్లవాళ్ళకి బెల్టు తప్పనిసరి చేశారు. అద్దంలో మొహం దూరి వచ్చే కేసులు ఎలా తగ్గాయో మా క్యాజువాలిటీలో పనిచేసిన ఏ నర్సునడిగినా చెబుతుంది. అందుకని ఎయిర్‌బ్యాగుకీ, తలుపులో పెట్టే ఇనుప కమ్మీకీ, ఏబీఎస్‌కీ నేను ఒక్క కిలో కూడా లెక్క అడగను. అవి ఉండాల్సిందే. పన్నెండు మోటార్ల సీటుకీ, గోడంత టీవీ తెరకీ, లోపల ఇంజను చప్పుడు వినిపించే స్పీకర్లకీ లెక్క అడుగుతాను.

పోర్షావాళ్ళూ ఒకప్పుడు ఇలా లేరు. 1973 నాటి కరేరా ఆర్‌ఎస్ 2.7ని రేసుకి అర్హత కోసం 500 చేస్తే చాలనుకుని మొదలుపెట్టారు, 1,580 అమ్మారు. తేలిక రకం బరువు 960 కిలోలకి కాస్త అటూ ఇటూ. సౌకర్యాలున్న టూరింగ్ రకం కావాలంటే ఎక్కువ కట్టాలి. ధర్మం అలా ఉండేది. అదే కంపెనీ 2016లో 911 ఆర్ అని గేరు రాడ్డున్న తేలిక కార్లు 991 చేసింది. మంచి కారు. కొన్నవాళ్ళలో ఎందరు నడిపారు? కొద్ది నెలల్లోనే కొన్న ధరకి రెండు మూడు రెట్లకి చేతులు మారాయి. మీటరు మీద కిలోమీటర్లు పడితే రేటు తగ్గుతుందని కవరు కప్పి పెట్టేశారు. కాళ్ళు కట్టేసి ఉంచడానికి పందెం కోడిని కొన్నట్టుంది ఈ యవ్వారం. ఇంజనీరు ఏడాదిపాటు కూర్చుని గ్రాము గ్రామూ తగ్గించింది, షెడ్డులో కదలకుండా ఉండే బండి కోసమా? కదలని కారుకి బరువు ఎంతుంటే ఏం?

ధర మీద నాకు గుడ్డి కోపం లేదు. 311 కార్లు చేసేవాడికి అచ్చుల ఖర్చూ పరీక్షల ఖర్చూ అంత కొద్ది కార్ల మీదే పడుతుంది. కార్బన్ ఫైబర్ పని ఇంకా చేతిపనే. డిజైనర్ గోర్డన్ మర్రీ తన టీ.50లో వి12 ఇంజను పెట్టి కూడా కారు మొత్తాన్ని టన్నులోపు ఉంచాడు, చేసింది 100 కార్లు, ఒక్కోటి ఇరవై లక్షల పౌండ్ల పైమాటే. ఆ పనితనానికి టోపీ తీస్తాను. ఎంత ఖరీదైనా, నడిపేవాడి చేతిలో పడితే అది తగిన ధరే. 3-ఎలెవెన్ కొని వానలో తడుస్తూ ల్యాపులు కొట్టే ఆసామీని స్నెటర్టన్‌లో చూశాను. ఆయన డబ్బు ప్రతి పెన్నీ వసూలైంది. అది ఖరీదెక్కువ అనేవాళ్ళతో అక్కడే గొడవ పడ్డాను కూడా.

అసలు దెబ్బ ఎక్కడ తగిలిందంటే, హెథెల్‌లో ఎలీస్, ఎక్సీజ్ 2021లో ఆగిపోయాయి. ఇప్పుడు లోటస్ బ్యాడ్జీతో చైనాలోని వుహాన్ నుంచి ఎలెట్రె వస్తోంది. రెండున్నర టన్నుల ఎలక్ట్రిక్ ఎస్‌యూవీ. 2023లో ఇండియాలో లోటస్ అడుగుపెట్టిందీ దాంతోనే, ధర రెండున్నర కోట్ల పైనే. హైదరాబాద్ నుంచి మా తమ్ముడి మనవడు ఫోన్ చేసి, తాతా మీ లోటస్ మనకీ వచ్చేసిందని సంబరంగా చెప్పాడు. నేను ఎదురుచూసిన లోటస్ అది కాదురా నాన్నా అని చాలాసేపు చెప్పుకొచ్చాను.

ఇక పాత ఎలీస్‌లూ అటకెక్కుతున్నాయి. బడిపంతులు కొనగలిగిన కారుని ఇప్పుడు పెట్టుబడిదారులు వెతుక్కుంటున్నారు. జీతం మీద బతికే కుర్రాడికి మిగిలింది మజ్దా ఎంఎక్స్-5 ఒక్కటే, ఆ కంపెనీ 1989 నుంచీ బరువు విషయంలో ఒళ్ళు దగ్గర పెట్టుకుంది.

విజయవాడ కుర్రాడొకడు, ఐటీలో చేస్తాడు, పోయిన సీజన్‌లో నా దగ్గరికొచ్చి, అంకుల్, జీటీ3కి బుకింగ్ డిపాజిట్ కట్టమంటారా అని అడిగాడు. ఎన్ని ట్రాక్ డేలకి వెళ్ళావంటే ఇంకా మొదలుపెట్టలేదన్నాడు. పాత ఎంఎక్స్-5 ఒకటి కొనుక్కో, తుప్పు కింద నుంచి చూసి మరీ కొను అన్నాను. మంచి టైర్లు, బ్రేకు ప్యాడ్లు, కొత్త బ్రేకు ఫ్లూయిడ్ వేయించు. స్టీరియో, వెనకున్న స్టెప్నీ టైరు నీ చేత్తో నువ్వే విప్పు. పక్క సీటు మాత్రం ఉంచు, అందులో ఇన్‌స్ట్రక్టరుని కూర్చోబెట్టుకో, ఆ ఫీజుకి వెనకాడకు. మిగిలిన డబ్బుతో ఏడాదంతా పెట్రోలు పోయించుకో. అప్పటికీ జీటీ3 కావాలనిపిస్తే కొను, కొని దాన్ని ఇక్కడికే తీసుకురా, నేను పిట్ గోడ దగ్గర నిలబడి నీ ల్యాపుల టైము రాస్తాను అన్నాను.