నాలుగు గళ్ల సారు

సర్కారు బడి సారుకు పని ఎక్కువైందంటే నమ్మేవాడు లేడు. పని సర్దుకోవడం రాదంటారు. దానికి మందు కూడా సిద్ధంగా ఉంది: నాలుగు గళ్ల కాగితం. తొందరా ముఖ్యమూ రెండూ అయిన పని మొదటి గడిలో, వెంటనే చెయ్యాలి. ముఖ్యమే గానీ తొందర లేనిది రెండో గడిలో, దానికి టైం కేటాయించాలి. తొందరే గానీ ముఖ్యం కానిది మూడో గడిలో, ఇంకొకరికి అప్పజెప్పాలి. ఏదీ కానిది నాలుగో గడిలో, అది చెత్తబుట్టకు. ఇదంతా అమెరికా అధ్యక్షుడు ఐజన్‌హోవర్ పేరు మీద చెలామణి అవుతోంది. ఆయన 1954లో ఒక ప్రసంగంలో తొందర పనులు వేరు, ముఖ్యమైన పనులు వేరన్నారు. అదీ ఓ కాలేజీ మాజీ అధ్యక్షుడి మాటగానే. గళ్లకు ఇంత ప్రచారం తెచ్చింది 1989 నాటి స్టీఫెన్ కవీ పుస్తకం. ఏమైతేనేం, ఐజన్‌హోవర్ కింద సైన్యం ఉండేది. మూడో గడి ఆయనకు సమస్య కాదు.

మన సారు సంగతి చూద్దాం. నిజామాబాద్ జిల్లాలో 2022లో కొత్తగా మండలమైన దొంకేశ్వర్‌లో, పసుపు చేల నడుమ, ఇద్దరు టీచర్ల ప్రైమరీ బడి ఒకటి అనుకోండి. ఒకటి, రెండు తరగతులకు మూడేసి సబ్జెక్టులు, మూడు నుంచి ఐదు దాకా నాలుగేసి. లెక్కేస్తే 18. ఒకరు ట్రైనింగ్‌కు పోయిన రోజు ఆ 18 రెండోవారి నెత్తినే. ఆ ట్రైనింగ్ టైం మేనేజ్‌మెంట్ మీదే అయితే ఇంకా ముచ్చట.

మూడో గడి ఇంకొకరికి అప్పజెప్పమంటుంది. ఎవరికి? వంట చేసే అక్కకు బడి లెక్కలు ఎక్కించే యూడైస్ పోర్టల్ పాస్‌వర్డ్ ఇవ్వాలా? ఐదో తరగతి పిల్లతో విద్యార్థుల అపార్ ఐడీ వివరాలు ఎక్కించాలా? నాలుగో గడి ఖాళీ, ఎందుకంటే సర్కారులో ముఖ్యం కాని పనే ఉండదు. మొదటి గడి మాత్రం అంచులు దాటి పొంగుతుంది. నులిపురుగుల మాత్రలు ఎందరు మింగారు, గుడ్లు ఎన్ని ఉడికాయి, నాటిన మొక్కల్లో బతికినవెన్ని, టాయిలెట్ ఫొటో ఏది? ప్రతి ప్రొఫార్మా నెత్తిన ‘మోస్ట్ అర్జంట్’, తోకన ‘ఈరోజు సాయంత్రంలోగా’.

ఇక రెండో గడి. మూడో తరగతికొచ్చినా అక్షరాలు కూడబలుక్కునే పిల్లాణ్ణి పక్కన కూర్చోబెట్టుకొని చదివించడం అందులో ఉంది. పసుపు తవ్వకాలప్పుడు అమ్మానాన్నల వెంట చేనుకు పోయే పిల్లల ఇండ్లకు వెళ్లి బడికి పంపమని అడగడం అందులో ఉంది. వీటి గురించి అర్జంట్ అని ఎవరూ మెసేజ్ పెట్టరు. కాబట్టి అవి ఆ గడిలోనే పదిలంగా ఉంటాయి, జూన్ నుంచి ఏప్రిల్ దాకా. నిజామాబాద్ యార్డులో పసుపు కొమ్మును, మండను వేరు చేస్తారంటే ఒక్కోదానికి ఒక్కో ధర ఉంది గనక. సారు పనులన్నిటికీ ఒకటే ధర, అర్జంట్. ఎట్ల ఏరినా ఒకటే రాశి.

గళ్లు పనికిరాలేదా, ఇంకో గురువున్నాడు. రెండు నిమిషాల్లో అయ్యే పనైతే వాయిదా వెయ్యకుండా అప్పుడే చేసెయ్యమన్నాడు డేవిడ్ అలెన్, 2001లో. మన ఆఫీసులకు ఈ సూత్రం ఎట్ల తెలిసిందో గానీ, అన్నీ రెండు నిమిషాల పనులే పంపుతాయి. అట్లాంటివి ముప్పై వస్తే గంట పాయె. ముఖం చూసి హాజరేసే యాప్ తెరుచుకోకపోతే ఆ కాలం వేరే లెక్క.

టమాటా పద్ధతి ఇంకా అందం. ఇటలీలో ఫ్రాన్సెస్కో సిరిల్లో అనే విద్యార్థి 1980ల చివర్లో టమాటా ఆకారపు వంటింటి టైమర్ పెట్టుకొని, 25 నిమిషాలు తల తిప్పకుండా చదివాడు. సరే, చదివాడు. ఒకటో తరగతికి చెప్పలేదు గదా! ఇక్కడ అయిదో నిమిషంలో “సారూ, బియ్యం అయిపోయినయ్” అని వంటక్క, ఏడో నిమిషంలో బోనఫైడ్ కోసం ఓ అవ్వ, ఎనిమిదో నిమిషంలో “సార్, వీడు గిచ్చిండు” అని ఏడుపు.

అసలు జాబితాల గురించి ఈ జిల్లా టీచర్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 2019 ఏప్రిల్ లోక్‌సభ ఎన్నికల్లో పసుపు, ఎర్రజొన్న రైతులు 170 మందికి పైగా నిలబడితే నిజామాబాద్‌లో అభ్యర్థులు 185 మంది అయ్యారు. పోలింగ్ కేంద్రంలో ఒక్కో కంట్రోల్ యూనిట్‌కు 12 బ్యాలెట్ యూనిట్లు. ఎన్నికల డ్యూటీ అంటే ముందుగా గుర్తొచ్చేది సార్లూ మేడమ్‌లే. రైతులు అంత పొడుగు జాబితా తయారుచేసింది తమ గోడు ఢిల్లీకి కనబడాలని. సారుకు నేర్పే విద్య దీనికి తలకిందులు: జాబితాను మడతపెట్టి, రంగులేసి, ఎవరికీ కనబడకుండా సర్దుకో.

విద్యాహక్కు చట్టం సెక్షన్ 27 పదేళ్ల జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప బోధనేతర పనులకు టీచర్లను పంపొద్దంటోంది. అయినా 2024 నవంబర్‌లో రాష్ట్ర సర్కారు సమగ్ర ఇంటింటి కుటుంబ సర్వే వచ్చింది. ప్రైమరీ బడులు ఒంటిపూటే నడిచాయి, మిగిలిన పూట సారు 75 ప్రశ్నలు పట్టుకొని గడప గడపా తిరిగారు. అది ఏ గడిలో పనో టైం మేనేజ్‌మెంట్ శిక్షకులే చెప్పాలి.

పెద్దలకు ఒక మనవి. ఆ నాలుగు గళ్ల కాగితం బడికి కాదు, ప్రొఫార్మాలు పంపే ఆఫీసుకు పంచండి. యూడైస్‌లో ఎక్కించిన అంకెనే మళ్లీ ఎక్సెల్‌లో అడగకండి. అర్జంట్ అని రాసేటప్పుడు ఎందుకు అర్జంటో కింద ఒక ముక్క రాసి సంతకం పెట్టండి.