గ్రీన్‌కార్డ్ రాకముందే విడాకులా? బేఫికర్‌గా ఉండు తమ్మీ

సిద్దిపేటల పెళ్లి, డల్లాస్‌ల కాపురం, ఇప్పుడు లొల్లి. నీ భార్య అమెరికా సిటిజన్. నీ కోసం ఆమె వేసిన ఐ-130 పిటిషన్, దాని వెంట నువ్వు వేసిన గ్రీన్‌కార్డ్ దరఖాస్తు ఐ-485 ఇంకా తేలలేదు. అంతల విడాకుల మాట వచ్చింది. చదువుకున్నోళ్లను అడిగితే వకీలును కలువు, కాగితాలు సర్దుకో, నిజం చెప్పు అని పరేషాన్ చేస్తరు. అంత కష్టం నీకెందుకు? మా అక్క కొడుక్కు ఇదే తిప్పలు వచ్చినప్పుడు పక్కన కూసొని అన్నీ నేనే చేయించిన. ఇప్పుడు వాడు ఇంటిపట్టునే ఉంటున్నడు, పొద్దున పదింటికి లేస్తున్నడు. నువ్వు కూడా అట్లనే సుఖపడాలని ఈ చిట్కాలు రాస్తున్న.

1. జల్ది డిక్రీ తెచ్చుకో. ఫైలు మీద నిర్ణయం పడే రోజుకు పెళ్లి బతికి ఉండాలె. అమెరికా చట్టం చూసేది అదే. మొగుడు పెళ్లాం వేరే ఇండ్లల్ల ఉన్నంత మాత్రాన ఫైలు దానంతట అది పోదు. డిక్రీ పడ్డనాడే ఐ-130 కూలుతది, దాన్ని ఆనుకొని ఉన్న ఐ-485 కూడా కూలుతది. ఆగినవనుకో, ముందు కార్డు వస్తది, అప్పుడు పని పెరుగుతది. పెళ్లయి రెండేండ్లు నిండకముందే వచ్చిన కార్డు షరతు మీదనే ఇస్తరు, దానికి రెండేండ్ల గడువే ఉంటది. ఆ షరతు తీసేయించుకోను ఐ-751 వెయ్యాలె. విడాకులైనోళ్లు భార్య సంతకం లేకుండ, మినహాయింపు అడిగి ఒక్కరే వేసుకోవచ్చు. కానీ కాపురం నిజంగనే చేసినమని బ్యాంకు ఖాతా, కిరాయి అగ్రిమెంటు, బీమా కాగితాలు చూపియ్యాలె. గవన్నీ ఎవడు వెతుకుతడు?

2. ఆ కాగితాలు కూడా పారెయ్. ఇద్దరి పేరు మీదున్న కరెంటు బిల్లు, జాయింట్ ఖాతా స్టేట్‌మెంటు, కలిసి కట్టిన ట్యాక్సు పత్రం, కోపం వచ్చిన రోజే చింపెయ్. మనసు తేలికైతది.

3. విడాకుల సంగతి దాచి ఇంటర్వ్యూకు పో. ఇది అన్నిట్ల పెద్ద చిట్కా, మంచిగ విను. ఆమెను ఎట్లనో బతిమాలి వెంట తీస్కపో. చంకల పెళ్లి నాటి కరిజ్మా ఆల్బమ్ పెట్టుకో, అది ఎంత బరువుంటే అంత మంచిది. ముందు ప్రమాణం చేయిస్తరు, చెయ్యి లేపు. ఆఫీసరు పేజీలు తిప్పుతడు. జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, అప్పగింతలు, డ్రోన్‌తోని తీసిన ఊరేగింపు. ఆ తర్వాత మీ ఇద్దరిదీ ఒక్క ఫోటో లేదు. ఆల్బమ్ మూసి పక్కన పెడ్తడు. అనుమానం వస్తే ఇద్దర్ని వేర్వేరుగ కూసోబెట్టి అవే ప్రశ్నలు అడుగుతరు. నిన్న రాత్రి ఇంట్ల ఏం కూర? నువ్వు ధైర్యంగ పచ్చిపులుసు అను. అవతల గదిల ఆమె పిజ్జా అంటే అననీ, తడబడకు. అబద్ధం చెప్పి కార్డు పొందాలని చూసినోళ్లను జీవితాంతం రానియ్యకుండ ఆపే నిబంధన ఉన్నది. అది నీ మీద పడ్డదంటే వీసా స్లాటు కోసం రాత్రంతా కంప్యూటర్ ముందు కూసునే బాధ ఇంక ఉండదు.

4. నీ హెచ్-1బి పని వీసా వదిలెయ్. ఐ-485 వేసినంక పని చేసుకోను వేరే కార్డు వస్తది గద, దాని మీదనే నడిపియ్యి. హెచ్-1బి నిలబెట్టుకుంటే, ఐ-485 పోయినా కాళ్ల కింద చట్టబద్ధంగ కొంత నేల మిగుల్తది, కంపెనీ సొంతంగ నీకు గ్రీన్‌కార్డ్ ఫైల్ చెయ్యొచ్చు. మళ్లీ అదే ఆఫీసు, అదే మేనేజరు. ఒక్క తాడు తెగితే అన్నీ తెగేటట్టు చూసుకుంటేనే సుఖం.

5. ఇల్లు మారితే చెప్పకు. పది రోజులల్ల ఏఆర్-11 ఫారం వేసి కొత్త అడ్రసు చెప్పాలంటరు. నువ్వు పాత ఇంటి డబ్బాలనే నోటీసులు పడనీ. చదవని నోటీసుతోని నిద్ర చెడదు.

6. కొమురవెల్లి జాతరకు వచ్చెయ్. సంక్రాంతి నుంచి ఉగాది దాకా ఆదివారాలన్నీ మల్లన్న దగ్గర జనమే జనం. ఫైలు నడుస్తుండగ దేశం దాటాలంటే అడ్వాన్స్ పరోల్ అనే ముందస్తు అనుమతి తీసుకోవాలె. తీసుకోకుండ విమానం ఎక్కితే, హెచ్-1బి కూడా లేనోళ్ల ఐ-485 వదిలేసుకున్నట్టే లెక్క. పట్నం వేసి, బోనం ఎత్తి, మొక్కు తీర్చుకో. ఫైలు సంగతి దేవుడే చూసుకుంటడు.

7. అక్కడి డిక్రీ పట్టుకొని ఇక్కడ ఇంకో పెళ్లి చేసుకో. ఇది మనోళ్లకు కొత్త కాదు. 1975ల తిరుపతిల పెళ్లి చేసుకున్న ఒకాయన, మిస్సోరిల తొంభై రోజులున్నట్టు చూపి 1980ల అక్కడి కోర్టు నుంచి విడాకులు తెచ్చుకున్నడు. 1981 నవంబరుల మన యాదగిరిగుట్టల రెండో పెళ్లి చేసుకున్నడు. మొదటి భార్య చీరాల కోర్టుల కేసు వేసింది. అది సుప్రీంకోర్టు దాకా పోయి, 1991 జూలై 9న తీర్పు వచ్చింది. ఆ అమెరికా డిక్రీ ఇక్కడ చెల్లదు, కేసు నడవాల్సిందే అన్నది కోర్టు. వకీళ్లు దాన్ని నరసింహారావు కేసు అంటరు. భార్య ఇష్టపడి ఆ కోర్టుకు వచ్చి విడాకులకు ఒప్పుకుంటే అట్లాంటి డిక్రీ ఇక్కడ కూడా నిలుస్తదని అదే తీర్పుల ఉన్నది, కనుక ఆమెకు కబురు కూడా పెట్టకు. రెండో పెళ్లి నేరానికి ఏడేండ్ల దాకా జైలు పడొచ్చు. కిరాయి లేదు, వంట పని లేదు.
పరస్పర అంగీకారం మీద సిద్దిపేట కోర్టుల వేసుకునే దారి ఉన్నదని ఎవరన్న చెప్తే వినకు. ఏడాది విడిగ ఉన్నోళ్లు వేసుకోవచ్చు, తర్వాత ఆరు నెలల గడువు ఉంటది, అవసరమైతే దాన్ని కూడా కోర్టు తగ్గియ్యొచ్చని 2017ల సుప్రీంకోర్టే చెప్పింది. అంత సాఫ్‌గ అయిపోతే ఊర్ల చెప్పుకోను ఏముంటది?

8. దెబ్బలు తిన్నా నోరు తెరవకు. సిటిజన్ భార్య నిజంగనే హింస పెట్టి ఉంటే మగోళ్లు కూడా సొంతంగ ఐ-360 పిటిషన్ వేసుకోవచ్చు. దానికి విడాకులైన రెండేండ్ల దాకా టైముంటది. మగోని పరువు పెద్దది. రెండేండ్లు గడవనీ, తర్వాత అడగమన్నా ఎవరూ అడగరు.

9. పైసలిచ్చి ఇంకో సిటిజన్‌ను మాట్లాడుకో. కాగితం పెళ్లి చాలు. దొరికితే ఐదేండ్ల దాకా జైలు, రెండున్నర లక్షల డాలర్ల దాకా జుర్మానా. ఇంకా పెద్ద లాభం ఒకటున్నది. దొంగ పెళ్లి అని ఒక్కసారి తేల్తే, తర్వాత నిజంగ ఎవరిని చేసుకున్నా, ఏ కంపెనీ నీ కోసం పిటిషన్ వేసినా మంజూరు కాదు. అంటే ఇంక ఏ ఫారం నింపే పని లేదు.

10. ఐ-485 కొట్టేసినంక కూడా అక్కడనే ఉండు. వేరే స్టేటస్ లేకుండ నూట ఎనభై రోజులు దాటినంక వెళ్లిపోతే మూడేండ్లు, ఏడాది నిండితే పదేండ్లు తిరిగి రానియ్యరు. మూడేండ్లు ఎవరికన్న పడ్తయి. నువ్వు పదేండ్లే చూసుకో.

అన్నీ చేసినవా? సిద్దిపేటకు 2023 అక్టోబరు నుంచి రైలు నడుస్తున్నది. ఎక్కేముందు ఒక ఫోన్ కొట్టు తమ్మీ, స్టేషన్‌కు బండి వేసుకొని మా మేనల్లుడే వస్తడు. వాడు ఖాళీగనే ఉన్నడు.