శాతావధాని

జేఎన్‌టీయూ హైదరాబాద్ ఆర్22 రెగ్యులేషన్స్‌ని అట్ట నుంచి అట్ట దాకా చదివిన విద్యార్థి ప్రతి అనుబంధ కాలేజీలోనూ ఒకడుంటాడు. మొదటి బెంచీలో వెతక్కండి. క్యాంటీన్‌లో చూడండి.

సెమిస్టర్ పరీక్ష రాయాలంటే అన్ని సబ్జెక్టులూ కలిపి 75 శాతం హాజరుండాలని అందరికీ తెలుసు. ఇతగాడి ధ్యాసంతా మిగతా పాతిక మీదే. 480 పీరియడ్లు జరిగితే 120 తన స్వార్జితం. 65కూ 75కూ మధ్య పడితే కండోనేషన్ ఉంది. సరైన కారణం, దానికో ఆధారం చూపించి, ఫీజు కట్టాలి. అంటే ఇంకో 48 పీరియడ్లు డబ్బిచ్చి కొనుక్కోవచ్చని అతని భాష్యం. 65 కిందికి జారితే మాత్రం డిటెయిన్డే. మళ్లీ అదే సెమిస్టర్, ఈసారి జూనియర్ల పక్కన.

సిలబస్‌లో ఎల్, టీ, పీ అని మూడు గడులుంటాయి: లెక్చర్, ట్యుటోరియల్, ప్రాక్టికల్. వారానికి గంట లెక్చర్‌కైనా ట్యుటోరియల్‌కైనా ఒక క్రెడిట్; ల్యాబ్‌లో అదే క్రెడిట్‌కి రెండు గంటలు కూర్చోవాలి. చదువు లెక్కన అది నష్టబేరం. కానీ ఒక్క పూట ల్యాబ్‌కి వెళ్తే రెండు మూడు పీరియడ్ల హాజరు పడుతుంది, పైగా కంప్యూటర్ ల్యాబ్‌లో ఏసీ! అందుకే ల్యాబ్ ఎగ్గొట్టడు. మిడ్ పరీక్ష రాస్తే ఆ థియరీ సబ్జెక్టుకి రెండు పీరియడ్లు కలుస్తాయన్న నిబంధన కింద ఎర్రగీత కొట్టుకున్నాడు.

బంద్ పిలుపొస్తే క్లాసంతా ఈలలు, ఇతను దిగాలు. జరగని క్లాసు లెక్కలోకి రాదు, శాతం పెంచుకునే రోజొకటి పోయింది మరి. మాస్ బంక్ అంటే ఇంకా మంట. ఎప్పుడు ఎగ్గొట్టాలో పక్కవాడు చెప్పడమేమిటి?

సెమిస్టర్ చివర హెచ్‌ఓడీ గదిలో దర్శనం.

"ఏరా, పోయిన సెమిస్టర్లోనూ టైఫాయిడే, ఇప్పుడూ టైఫాయిడేనా?"

"తిరగబెట్టింది సార్."

సర్టిఫికెట్ మీద తేదీలూ పెద్ద హీరో సినిమా విడుదలైన వారమూ అచ్చంగా ఒకటే. ఆయన చూశారు. నిట్టూర్చి సంతకం పెట్టారు.

ఈ మధ్య జూనియర్లకు ఉచిత సలహాలు మొదలెట్టాడు. ఎవరికెన్ని పీరియడ్లు మిగిలాయో ఫోన్ కూడా తియ్యకుండా నోటితోనే చెబుతాడు. కొలువు తీరేది మంగళవారం మూడో పీరియడ్‌లో. టైంటేబుల్ ప్రకారం అది ప్రాబబిలిటీ అండ్ స్టాటిస్టిక్స్ క్లాసు.