మూటపద్యము: టీకాతాత్పర్యసహితము

అవతారిక

నైరోబీ నగరమున చాల యేండ్లుగా కాపురమున్న మా మేనల్లుడు, ఆఫ్రికా ఖండమును ఈ కొననుండి ఆ కొనదాక తన సొంత బండిలో దాటవలెనని చిరకాలముగా ఉవ్విళ్ళూరుచుండి, కైరోనుండి కేప్ టౌనునకు పోవు ప్రసిద్ధమార్గము 2023 ఏప్రిల్‌లో సూడానున చెలరేగిన యుద్ధముచేత అగమ్యము కాగా, ఉన్న యూరినుండియే దక్షిణముగా బయలుదేరి టాంజానియా, జాంబియా, బోట్స్వానా, నమీబియాల మీదుగా కేప్ టౌను చేరుటకు నిశ్చయించుకొనెను. కొనిపోవలసిన వస్తువులను మరువకుండుటకై, బాల్యమున నాయొద్ద నేర్చిన ఛందస్సు ఇన్నాళ్ళకు అక్కరకు వచ్చినదని మురిసి, ఒక ఆటవెలది కట్టి, ఫ్రిజ్జు తలుపునకు అంటించి, "మావయ్యా, తప్పులుంటే దిద్దండి" అని నాకొక ప్రతి పంపెను. యతిగణములలో దోషము కానరాలేదు. అర్థమునందు మాత్రము సందేహములు మెండుగా ఉండుటచే, దిద్దుటకు మారుగా టీక వ్రాయుటకు పూనితిని.

ఈ పద్యమునకు ఇంతకు పూర్వమే రెండు వ్యాఖ్యలు పుట్టియున్నవి. ఒకటి మా మేనల్లుని ఇల్లాలిది. అది వంటయింటి పక్షము. రెండవది బండిని బాగుచేయు 'ఫుండి'ది. స్వాహిలీలో పనితనము తెలిసినవానికి ఆ పేరు. అతనికి తెలుగు రాదు. అయినను పద్యమును విప్పిచెప్పగా విని, బానెట్టుపై చేయి వేసి, తన మతమును స్థాపించినాడు. ఈ ఇరువురికిని పొసగదు. ఇరువురిని సమాధానపరుపబోయి ఇరువురికిని చెడుట వ్యాఖ్యాతలకు పరంపరగా వచ్చుచున్న వృత్తియే కదా.

మూలము

పసుపుకార్డు కార్నె పారయు మోకులు
నీరు నూనె టైరు నేలపటము
మందు దోమతెరయు మంచి గుడారము
కట్టుకొనుము పిదపఁ గలదె యోర్పు.

ప్రతిపదార్థము

పసుపుకార్డు = పచ్చని వర్ణముగల పత్రమును; కార్నె = బండికొరకు ఇచ్చు పూచీపుస్తకమును; పారయు = మన్నెత్తు సాధనమును; మోకులు = లావుపాటి త్రాళ్ళను; నీరు = ఉదకమును; నూనె = తైలమును (ఏ తైలమో మీద విచారింపబడును); టైరు = చక్రమునకు తొడుగు రబ్బరు కవచమును; నేలపటము = దారులు చూపు చిత్రమును; మందు = ఔషధమును; దోమతెరయు = మశకములను వారించు వలను; మంచి గుడారము = వానకు కారని డేరాను; కట్టుకొనుము = మూటగట్టుము; పిదపన్ = ఆమీదట; ఓర్పు = సహనము; కలదె = ఉన్నదా? లేక, ఉండనే ఉన్నది.

తాత్పర్యము

ఓ యాత్రికుడా! పై వస్తువులను సర్దుకొనుము. తరువాత ఓర్పు సంగతి చూతము.

విశేషములు

పసుపుకార్డు: ఇచ్చట శ్లేష. ఇల్లాలి వ్యాఖ్యలో ఇది ద్వంద్వసమాసము. పసుపు వేరు, కార్డు వేరు. పసుపులేని మూట అశుభమనియు, ఎచ్చట ఆగినను పప్పు ఉడుకవలసినదే కదా యనియు ఆమె వాదము. ఫుండి మతమున ఇది కొమెసా అను ఆఫ్రికా దేశముల వాణిజ్యకూటమివారి బండిబీమా పత్రము; దానికి నిజముగానే పసుపుకార్డని పేరు; అది టాంజానియా, జాంబియాలలో ఆదుకొని, బోట్స్వానా గడపలో చేతులెత్తివేయును. మా మతమున ఇది పచ్చజ్వరపు టీకా వేయించుకొన్నట్టి ధ్రువపత్రము. టీకామూలకమగుటచే టీకాకారుడనైన నాకు దీనియందు పక్షపాతము సహజము. సూది పడిన పదవనాటినుండి గాని ఇది చెల్లదు కావున, బయలుదేరుటకు ముందురోజు పరుగెత్తి వేయించుకొన్నవాడు సరిహద్దు కచ్చేరి దృష్టిలో వేయించుకొననివానితో సమానుడు. పూర్వము పదేండ్లకొకసారి మరల వేయించుకొనవలసియుండెను. 2016 జూలైనుండి ఒక్క టీకా యావజ్జీవము చెల్లుచున్నది. అర్థములు మూడును గ్రాహ్యములే. ఏ ఒక్కటి విడిచినను బండి ఎచ్చటనో ఒకచోట ఆగును.

కార్నె: ఫ్రెంచిలో చిన్నపుస్తకమని అర్థము. మనిషికి పాస్‌పోర్టు ఎట్లో బండికిది అట్లు. దీని ప్రతి పుటయు మూడు తునుకలు. దేశములోనికి పోవునప్పుడొకటి చింపుదురు, వెలుపలికి వచ్చునప్పుడొకటి చింపుదురు, మూడవది రెండు ముద్రలతో మనకు మిగులును. బండిని అచ్చట అమ్ముకొనక మరల తీసికొనిపోవుదునని మోటారు సంఘమునకు ధరావతు కట్టి తెచ్చుకొనవలసిన ఈ పుస్తకము ఏడాదివరకు చెల్లును. కొన్నిదేశములవారు దీనికి మారుగా గడపలోనే తాత్కాలికపు చీటీ వ్రాసియిచ్చుటయు కలదు. వేదాంతులు జీవుని గూర్చి చెప్పినదానినే సుంకపు అధికారులు బండిని గూర్చి చెప్పుచున్నారు: వచ్చినది పోవలెను. భేదమేమనగా, పోకున్నచో వీరు ధరావతును జప్తు చేయుదురు.

పారయు, మోకులు: 'ఇసుకకొరకు' అని ఫుండి. అది అవ్యాప్తిదోషము. తూర్పు ఆఫ్రికాలో పలుచోట్ల మనకు చిరపరిచితమైన నల్లరేగడియే కలదు. ఎండినప్పుడు నెఱ్ఱెలు వాసి, తడిసినప్పుడు చక్రమును పట్టి విడువని ఆ నేల స్వభావము గుంటూరు రైతునకు నేను చెప్పపనిలేదు.

నూనె: ఇంజను నూనెయని ఫుండి, నువ్వుల నూనెయని ఇల్లాలు. దూరదూరముగా ఉన్న బంకుల నడుమ బండిని నడుపునది డీసెలే కావున, ఇచట దానినే ప్రధానముగా గ్రహింపవలెను. దీనిని ఇరువదేసి లీటర్లు పట్టు జెర్రికానులలో నింపుదురు. జెర్రులు దూరు డబ్బా యగుటచే ఆ పేరు వచ్చెనని మా పొరుగింటి పండితుని వ్యుత్పత్తి, అది సరికాదు. రెండవ ప్రపంచయుద్ధమున ఆంగ్ల సైనికులు జర్మనులను వెటకారముగా జెర్రీలనుచు, వారి డబ్బా తమ డబ్బాకంటె మేలైనదని గ్రహించి, డబ్బాను స్వీకరించిరి, వెటకారమును మానలేదు.

టైరు: ఏకవచనమును చూచి ఒక్కటే చాలునని భ్రమపడరాదు. చీమ కుట్టునన్నచో లోకమున ఒక్క చీమయే కుట్టునని అర్థము కాదు గదా, ఇది జాత్యేకవచనము. నమీబియాలోని కంకరరోడ్లపై టైరు చీలుట వింత కాకుండుటచే రెండు స్టెప్నీలు కొనిపోవుట శిష్టాచారము. ఇసుకలో దిగునపుడు టైరులోని గాలి కొంత తీసివేసి, గట్టినేల చేరగనే మరల నింపవలెను గాన, గాలిపంపును లక్షణావృత్తిచే ఇందే గ్రహించునది.

నేలపటము: ఫోను ఉండగా ఇది యేలయనరాదు, సిగ్నలు అందని దారులు అచట పెక్కు. అయితే పటము కొత్తది కావలెను. కజుంగులా యొద్ద జాంబెజీ నదిని పూర్వము పంటుపై దాటుచుండిరి. 2021 మే 10న 923 మీటర్ల వంతెన తెరవబడినది. జింబాబ్వే నేలను త్రొక్కకుండుటకై ఆ వంతెన నది నడుమ వంపు తిరిగియున్నది. రాజ్యముల హద్దులకు ఉక్కును కాంక్రీటును సయితము తలయొగ్గుటకు ఇంతకంటె నిదర్శనము వెదకనక్కరలేదు.

మందు: దీనిని సురాపరముగా వ్యాఖ్యానించిన మిత్రులు కలరు, వారి పేర్లు వ్రాయను. ఔషధమనియే సిద్ధాంతము. మలేరియా రాకుండ వాడు మాత్రలలో కొన్నింటిని ఆ సీమ విడిచిన పిమ్మటకూడ నాలుగు వారములు మ్రింగవలసియుండును.

దోమతెరయు: ఆడ అనాఫిలిస్ దోమయే మలేరియాకు వాహనమని తెలియుటకు ఆధారమైన పరిశోధన మన సికింద్రాబాదున జరిగినది, 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ ఆ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. కావున జాంబియాలో రాత్రివేళ తెర దించుకొను తెలుగువాడు పరాయివస్తువును వాడుచున్నానని సంకోచింపనక్కరలేదు.

అనుక్తము: పద్యమున చెప్పనిది ఒకటి చెప్పవలసియున్నది. మన ఇండ్లలో ప్లాస్టిక్కు కవరును పారవేయుట పాపము. పరుపుక్రింద ఒక తరమునకు సరిపడ దాచుదుము. కెన్యా 2017లోను, టాంజానియా 2019లోను ఈ సంచులను నిషేధించినవి. ఆవకాయ జాడీకి ఇల్లాలు చుట్టిన నాలుగు కవర్లను విప్పించి, పాతచీరముక్క చుట్టించుటయే ఈ టీకవలన ఇంతవరకు కలిగిన ఏకైక ప్రయోజనము.

కలదె యోర్పు: ఇది వివాదగ్రస్తము. కలదె యనుచోట ఎకారము ప్రశ్నార్థకమా, అవధారణార్థకమా? ప్రశ్నయని ఇల్లాలు, మూట కట్టుటలోనే ఓర్పు సర్వము వ్యయమైనదని ఆమె అనుభవము. అవధారణమని ఫుండి, బండి మొరాయించినను ఓర్పు ఉండనే ఉన్నదని అతని ధైర్యము. ఇట్టి యాత్రకే మోటారుబండ్లపై 1924 సెప్టెంబరున కేప్ టౌను విడిచిన కోర్ట్ ట్రీట్ దంపతుల బృందము కైరో చేరునప్పటికి 1926 జనవరి వచ్చెను, పదునారు నెలలు! నేడు దారులు బాగుపడినవి గాని, నిరీక్షణము నదీతీరమునుండి కచ్చేరి అరుగుపైకి మారినది. పైగా స్వాహిలీవారు మన పూర్వులు గడియలను లెక్కించినట్లు సూర్యోదయమునుండి గంటలు లెక్కింతురు. వారి నాలుగు గంటలనగా మన పది. ఆ మర్మమెరుగనివాడు పదింటికి పోవలసినచోటికి సాయంకాలము పోయి, మూసిన తలుపును చూచును. తొందరపడువానితో వారు 'పోలె పోలె' యందురు. మన వ్యాకరణమున అది ఉపమావాచకము, వారి భాషలో 'మెల్లగా, మెల్లగా' అని అర్థము.

అన్వయమును పరికించినచో వివాదము తీరును. పసుపుకార్డు మొదలు గుడారమువరకు గల పదములన్నియు 'కట్టుకొనుము' అను క్రియకు కర్మలు. ఓర్పు ఒక్కటి మాత్రము ఆ క్రియకు ఈవల నిలిచినది. తక్కినవన్నియు రూకలకు దొరకును, మూటలో ఇమిడును. ఓర్పు మూటలో ఇమిడెడిది కాదు కనుకనే కవి దానిని మూట ముడివేసిన తరువాత పేర్కొనెను. అతడు తెలిసి వ్రాసెనో, యతికొరకు వ్రాసెనో నేనడుగలేదు.

ఈ టీక ముగించుచుండగా మా మేనల్లునినుండి ఉత్తరము వచ్చినది. ఒక సరిహద్దున, రాగిలారీల బారు వెనుక, ఒక ముద్రకొరకు మూడవనాడు వేచియున్నాడట. పారను ఇంతవరకు బండినుండి దింపవలసిన అవసరము రాలేదట.