మా రోజుల్లో తుపాకీ కూడా సేద్యపు పనిముట్టే

చేను చుట్టూ కరెంటు తీగ లాగి పందుల్ని చంపేవాణ్ణి రైతు అనడానికి నాకు నోరు రాదు. రాత్రిపూట నీళ్ళు కట్టడానికి పోయే పక్కచేను మనిషి, తాడు తెంపుకుని వచ్చిన ఎద్దు, దరోజి గుట్టలు దిగి వచ్చిన ఎలుగు, ఎవరైనా ఆ తీగకు ఒకటే. మా రోజుల్లోనూ పందులు ఉండేవి. చెవులపిల్లులు చెనిక్కాయ మొలకల్ని మొదలంటా కొరికేవి. జింకలు మందలు మందలుగా పడి జొన్న మేసిపోయేవి. అయినా మా ఊళ్ళో ఎవరూ తీగ లాగలేదు, పిండిముద్దలో నాటుబాంబు దాచి గెనెం మీద పెట్టలేదు. తుపాకీ ఉన్నవాడు తుపాకీతో, లేనివాడు వడిసెలతో, డబ్బా మోతతో మంచె మీద కాపలా కాశాడు. దేన్ని కొడుతున్నామో కండ్లారా చూసి కొట్టాం.

మా చేను హగరి ఏటికి అవతల, ఆంధ్రా పొలిమేరకు ఆనుకున్న నల్లరేగడి. నాయన తుపాకీకి లైసెన్సు ఇచ్చింది మద్రాసు రాజ్యం నాటి బళ్ళారి కలెక్టరు కచేరీ. అప్పుడు ఆలూరు, ఆదోని, రాయదుర్గం అన్నీ బళ్ళారి జిల్లాలోవే. 1953 అక్టోబరు 1న ఆ మూడూ ఆంధ్ర రాష్ట్రానికి పోయాయి, బళ్ళారి మైసూరులో కలిసింది. అంతకుముందు నాయన ఆలూరు వైపున్న మా మేనమామ చేనికి కూడా తుపాకీ భుజాన వేసుకుని కాపలా పోయేవాడు. ఆ తర్వాత గెనెం దాటితే వేరే రాష్ట్రం. పంట కాపలాకని ఇచ్చిన లైసెన్సు ఏ హద్దుకు రాసిచ్చారో ఆ హద్దులోనే చెల్లుతుంది. మామ చేలో పందులు కండ్ల ముందు కలబడుతున్నా నాయన ఈ గట్టు మీద నిలబడి కేకలు వేసేవాడే గానీ తుపాకీతో అడుగు అటు పెట్టింది లేదు. లైసెన్సు పుస్తకానికి అంత విలువ ఇచ్చిన కాలం అది.

తుపాకీని ఎంచుకునే తీరు కూడా ఇప్పుడు తలకిందులైంది. ఈ కాలం పిల్లలు మొదట అడిగేది "తాతా, ఎంత దూరం పోతుంది?" అని. నాయన మొదట చూసింది తగలకపోతే గుండు ఎక్కడ పడుతుంది అని. మా రేగడి చదును నేల. గురి తప్పితే అడ్డం పడడానికి గుట్ట లేదు, చెట్టు లేదు. పాయింట్ 22 రైఫిలు గుండు చూడడానికి చిన్నదే, తప్పిపోతే మైలు దాటి పోతుంది. ఇక ఇషాపూర్ కార్ఖానాలో చేసే పాయింట్ 315 రైఫిలు సంగతి చెప్పనే అక్కర్లేదు. సిపాయిల 303 బోరు మామూలు జనం చేతికి పోకూడదని కట్టడి పెట్టబట్టి ఇక్కడ పాతుకున్న బోరు అది. అడవిలో పెద్ద మృగానికి సరిపోతుందేమో గానీ, మిరప కోతకు కూలీలు తెల్లవారుజామునే దిగే చేలో దానికేం పని?

పన్నెండు బోరు నున్నగొట్టం తుపాకీ అలా కాదు. నాలుగో నంబరు రవ్వలు నలభై గజాల లోపల పని చేస్తాయి, మూడు వందల గజాల లోపే నేల రాలిపోతాయి. 1959 ఆయుధాల చట్టం కూడా రక్షణకూ వేటకూ ఇరవై అంగుళాలకు తగ్గని నున్నగొట్టం తుపాకీని, పంట కాపలాకు మూతి నుంచి మందు దట్టించే తుపాకీని విడిగా పేరుపెట్టి చెప్పింది. ఆ సెక్షను రాసినవాళ్ళకు పొలమంటే తెలుసు.

పాత జోడుగుళ్ళ తుపాకీ కొనాలంటే ముద్ర చూసి మురిసిపోతే కుదరదు. మద్రాసు పి. ఓర్ అండ్ సన్స్ పేరు చెక్కి ఉన్నా సరే, నాయన చేసే పరీక్షలు చేయాల్సిందే. ముందు గొట్టాల కింది చెక్క ఊడదీసి, తుపాకీని రెండు చేతులా పట్టుకుని కదిలిస్తాడు. కీలు దగ్గర టకటక అంటే అక్కడే కింద పెట్టేస్తాడు. తర్వాత దాన్ని మూసి దీపం ముందు పెట్టి, గొట్టం వెనకభాగానికీ దాన్ని మూసే ఉక్కుముఖానికీ మధ్య వెలుతురు గీత కనిపిస్తుందా అని చూస్తాడు. గొట్టాలు విడదీసి, కొక్కెం దగ్గర దారం కట్టి వేలాడదీసి, గోటితో మీటుతాడు. గుడిగంట మాదిరి మోగితే రెండు గొట్టాల నడుమ అతుకు బాగున్నట్టు. బొయ్యిమని మొద్దుబారితే అతుకు ఎక్కడో వదిలినట్టు. చివరికి ఆకాశం వైపు పెట్టి లోపల చూస్తాడు. తుప్పు తిన్న గుంటలు, సొట్టలు ఉంటే లోపల కనిపించే వెలుగు వలయాలు వంకర పోతాయి. ఇవన్నీ అయ్యాక కండ్లు మూసుకుని భుజానికి ఎత్తి, అప్పుడు తెరుస్తాడు. గురి ఉన్నచోట కన్ను ఉంటే ఆ చెక్క తన ఒంటికి సరిపోయినట్టు. ఇప్పుడు ఫోనులో బొమ్మ చూసి, రంగు చూసి, పైన బిగించే దుర్భిణి చూసి కొంటున్నారు.

తూటాల విషయంలోనూ అంతే జాగ్రత్త. పందికి ఎల్‌జీ, చెవులపిల్లికి నాలుగో నంబరో ఆరో నంబరో. పంది మీద చిన్న రవ్వలు పేలిస్తే అది చావదు, పుండు పుట్టి కుళ్ళుతూ తిరుగుతుంది, మనిషి కనబడితే మీదికి వస్తుంది. ఖడ్కీ కార్ఖానా తూటాలు అప్పట్లో అట్టగొట్టంతో వచ్చేవి. వానాకాలం తేమకు ఉబ్బితే గొట్టంలోకి దూరవు, బలవంతాన దూర్చితే పేలాక బయటికి రావు. అందుకే మూత బిగిసే రేకుడబ్బాలో, ఎండిన బియ్యం చిన్న మూట పక్కన పెట్టి దాచేవాళ్ళం. కొన్న నెల పెన్సిలుతో రాసి, పాతవి ముందు వాడేవాళ్ళం. ఏడాదికి ఇన్నే అని లైసెన్సులో రాసి ఉండేది, ఒక్క తూటా వృథా చేసినా నాయన ఊరుకోడు.

ఇక శుభ్రం చేయడం. నా బాధంతా ఇక్కడే ఉంది. మందు దట్టించే తుపాకీ ఒక్కసారి పేలితే లోపల మిగిలే మసి గాలిలో తేమను పీల్చుకుంటుంది. రాత్రి అలాగే వదిలేస్తే తెల్లారేసరికి గొట్టం ఎర్రబారుతుంది. నూనె పూస్తే మసి పోదు, దానికి మందు వేడినీళ్ళే. ఎంత అర్ధరాత్రి వచ్చినా అమ్మ పొయ్యి మీద నీళ్ళు కాచేది. గొట్టం కింది మొన నీళ్ళ బకెట్లో పెట్టి, ఊచకు చుట్టిన గుడ్డ పైకీ కిందికీ లాగుతుంటే మొదట కాటుక మాదిరి నల్లటి నీళ్ళు, తర్వాత బూడిదరంగు, ఆఖరికి తేట నీళ్ళు వచ్చేవి. వేడికి ఉక్కు దానంతటదే ఆరిపోయేది. పేలుడు టోపీ తొడిగే చనుమొన రంధ్రంలో సూది పెట్టి కదిపేవాళ్ళం. అప్పుడు రంగూన్ నూనె, అదీ గుడ్డకు రాసి పలచగా తుడవడమే. చెక్కకు అవిసె నూనె అరచేత్తో రుద్దేవాళ్ళం. గొట్టంలో పెట్టిన తెల్లగుడ్డ తెల్లగానే బయటికి వస్తే తప్ప నాయన అన్నానికి కూర్చోలేదు, నన్ను కూర్చోనివ్వలేదు.

తుపాకీని మూతి కిందికి పెట్టి నిలబెట్టమనేవాడు. మూతి పైకి ఉంటే నూనె మెల్లగా దిగి చెక్కను నానబెడుతుంది, నానిన చెక్క ఒకనాడు పగులుతుంది. ఖాళీ తుపాకీ ట్రిగ్గరు నొక్కనిచ్చేవాడు కాదు. చెమట చేత్తో గొట్టం పట్టుకుంటే వేలిముద్రల రూపంలో తుప్పు లేస్తుందని, ఇంట్లోకి రాగానే మొదట గుడ్డతో తుడిపించేవాడు. ఇంట్లో దట్టించిన తుపాకీ ఉండడం నేను పుట్టి ఎరుగను.

ఒక సంగతి మా జిల్లాకే ప్రత్యేకం. గనుల కాలంలో సండూరు, హొసపేట వైపు నుంచి ఇనుపరాయి లారీలు పగలూ రాత్రీ తిరిగాయి. 2011 జూలైలో సుప్రీంకోర్టు బళ్ళారి గనులు ఆపేదాకా ఎర్రదుమ్ము తలుపుసందుల్లోంచి పెట్టెల్లోకి కూడా దూరింది. ఆ దుమ్ము నూనెతో కలిస్తే ఆకురాయి కంటే ఎక్కువ అరగదీస్తుంది. నూనె ఎక్కువ పోసినవాడి తుపాకీయే ముందు కీలు వదులైంది. లోపలి మరను గుడ్డతో పొడిగా తుడిచి, పెన్సిలు ముల్లు గీకిన పొడి రాసుకున్నవాళ్ళవి నిలబడ్డాయి. ఇది ఏ పుస్తకంలోనూ రాసి ఉండదు, ఈ నేల మీద తుపాకీ వాడినవాళ్ళు కనిపెట్టుకున్నది.

ఇప్పుడు ఊళ్ళో కుర్రవాళ్ళ చేతుల్లో ఉన్నవి గాలి తుపాకీలు. వాటితో గువ్వల్నీ రామచిలకల్నీ కొట్టి ఫోనులో పెడుతున్నారు. అవీ చట్టం కాపాడే ప్రాణులేనని ఒక్కడికీ తెలియదు. పాయింట్ 177 గుళిక పందికి తగిలితే దోమ కుట్టినంత కూడా పట్టించుకోదు. పోనీ ఆ వస్తువునైనా సరిగా ఉంచుతున్నారా? స్ప్రింగు వంచి గంటల తరబడి అలాగే గోడకు ఆనిస్తారు, స్ప్రింగు బలం చచ్చిపోతుంది. గుళిక లేకుండా ఉత్తినే పేలుస్తారు, అడ్డం లేక పిస్టను పోయి గోడకు గుద్దుకుంటుంది. గాలి గదిలో బండి నూనె పోస్తారు, ఒత్తిడికి ఆ నూనె మండి పొగ వస్తే బలం పెరిగిందని సంబరపడతారు. ఆ బలం నిలవదు నాయనా, లోపలి వాషరు కాలిపోతుంది. ఈ మాట ఎంతమందికి చెప్పానో!

చెవులపిల్లి వేట మళ్ళీ కావాలని నేను అడగడం లేదు. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక కూడా లైసెన్సు మీద చిన్నవేటకు దారి ఉండేది, 1991 సవరణతో అది మూసుకుపోయింది. 2022 సవరణతో చెవులపిల్లీ అడవిపందీ రెండూ రెండో షెడ్యూలుకు చేరాయి. చెవులపిల్లి విషయంలో అది న్యాయమే. వలలు, ఉచ్చులు, వేటకుక్కలు, పురుగుమందులు కలిసి దాన్ని కరిగించేశాయి. సాయంత్రం గెనెం మీద చెవులు నిక్కించి కూర్చునేవి ఇప్పుడు కనబడడమే అరుదు.

పంది సంగతి వేరు. కాలువ గట్ల మీద, బంజరులో బళ్ళారి జాలి కంప దట్టంగా అల్లుకుంది. పగలంతా ఆ కంపలో పడుకుని, రాత్రి చేలో దిగుతుంది. నక్క, తోడేలు తగ్గిపోయాయి, పిల్లల్ని ఎత్తుకుపోయేవి లేవు. పంటకు ముప్పు తెచ్చే జంతువును చంపడానికి అటవీశాఖ పెద్ద అధికారి రాతపూర్వకంగా అనుమతి ఇవ్వొచ్చని చట్టం పదకొండో సెక్షనులోనే ఉంది. కేరళలో 2022లో పంచాయతీ అధ్యక్షులకే గౌరవ వన్యప్రాణి వార్డెను హోదా ఇచ్చి పందుల్ని కాల్పించే అధికారం అప్పగించారు. మన కర్ణాటకలోనే కొడగులో వంశపారంపర్య జమ్మా భూములవాళ్ళకు తుపాకీ లైసెన్సు మినహాయింపును 2019లో మరో పదేళ్ళు పొడిగించారు. అంటే తుపాకీ పట్టుకున్నవాడల్లా దొంగవేటగాడు కాడని సర్కారుకూ తెలుసు. మరి రేగడి రైతు దగ్గరకొచ్చేసరికి అనుమతి కాగితం తిరిగి తిరిగి పంట చేతికి వచ్చాక గానీ రాదు. అప్పటిదాకా ఆగలేనివాడు తీగ లాగుతున్నాడు. ఆ తీగను నేను క్షమించను, కానీ వాణ్ణి అక్కడికి నెట్టిందెవరో కూడా చెప్పాలి కదా.

ఎన్నికల సంగతి మరొకటి. కోడు కూసిందంటే లైసెన్సు తుపాకులన్నీ డిపాజిట్ చేయమంటారు. 2020 డిసెంబరులో గ్రామ పంచాయతీ ఎన్నికలు వచ్చినప్పుడు మా రేగడిలో తెల్లజొన్న పొట్ట మీద ఉంది, కాపలా అవసరమైన నెలల్లో అదే మొదటిది. నేను ఒకచోట డిపాజిట్ చేసిన తుపాకీ గోనెసంచిలో చుట్టి, తడి గోడకు ఆనించి ఉంచారు. తిరిగి చేతికి ఇచ్చినప్పుడు కుడి గొట్టంలో తుప్పు గుంటలు. మా నాయన ఏ రాత్రీ ఒక్క మచ్చ రానివ్వని గొట్టం అది. ఎన్నికలప్పుడు తుపాకులు లోపల పెట్టడం మంచిదే, పోట్లాటలు చూసిన జిల్లా ఇది, నాకు దాని మీద గొడవ లేదు. గోడకు దూరంగా ఒక చెక్క స్టాండు, పదిహేను రోజులకొకసారి మనిషి వచ్చి పోలీసుల ఎదుటే గుడ్డతో తుడుచుకునే వీలు, ఇంతే అడుగుతున్నాను.

2016 ఆయుధాల నియమాల ప్రకారం డెబ్భై నిండిన లైసెన్సుదారు తన వారసుడికి తుపాకీ బదిలీ చేయమని అడగొచ్చు. నాకు ఆ వయసు ఎప్పుడో దాటింది. కొత్తగా తీసుకునేవాడు భద్రత శిక్షణ సర్టిఫికెట్ తేవాలని అదే నియమాల్లో ఉంది, అది మంచి నియమం. మనవడు కాగితాలు సిద్ధం చేసుకుంటున్నాడు. సంతకం పెట్టే ముందు నా షరతు ఒకటుంది: గొట్టాలు విడదీసి, కడిగి, ఆరబెట్టి, నా ఎదుట తెల్లగుడ్డ తీసి చూపించాలి. పోయిన వారం రెండుసార్లు చూపించాడు, గుడ్డ అంచున ఇంకా మసి ఉంది. మళ్ళీ నీళ్ళు కాచమన్నాను.