ఓణీ వేస్తే ఒడ్డెక్కినట్టే

అందానికో ప్రయోజనం ఉండాలన్నది మిస్ వరల్డ్ వారి నినాదం. అందుకే 2025 మేలో పోటీలు తెలంగాణకు వచ్చినప్పుడు ఓ బుధవారం రామప్పలో లంగా ఓణీలు, మర్నాడు గురువారం పోచంపల్లిలో ఇక్కత్. సుందరి ఒంటిమీద మన బట్ట పడితే చాలు, నేతన్న మగ్గం ఆడుతుంది, పర్యాటకం పొంగుతుంది అని సర్కారు వారి లెక్క. ఇంత తేలిక మందు చేతిలో పెట్టుకుని ఇన్నేళ్లూ పథకాలంటూ ఎందుకు హైరానా పడ్డామో!

మందు గుణమిచ్చింది కదా, ఇంకాస్త ముందుకు పోదాం. వాజేడు, వెంకటాపురం, చర్ల మీదుగా భద్రాచలం దాకా ర్యాంపు వేద్దాం. రోడ్డు పడని ఊళ్లకు ర్యాంపైనా పడుతుంది.

ఈత దుస్తుల రౌండుకు కొలను ఖర్చు దండగ. 2022 జులైలో గోదావరి భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటి తనంత తానే ఇళ్లలోకి వచ్చింది. కట్టుబట్టలతో బయటపడ్డవాళ్లంతా నేరుగా ఫైనల్‌కే. ప్రతిభ రౌండులో నిండు చూలాలిని డోలీలో వాగు దాటించాలి. నడి వాగులో కెమెరా వైపు తిరిగి నవ్వకపోతే మార్కులు కోత.

సంప్రదాయ వేషం రౌండులో కొమ్ముకోయల కొమ్ముల తలపాగా ఉంటుంది గానీ, అది పోటీదారులకు కాదు. ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవ వేదికెక్కే నాయకులకు రిజర్వు. పెద్దాయన తలమీద నుంచి కొమ్ములు జారకుండా వెనక నుంచి ఓ కోయ కుర్రాడు పట్టుకుంటాడు. ఫొటోలో వాడి వేళ్లు మాత్రం పడతాయి.

గుత్తికోయ పిల్లలు దరఖాస్తు దగ్గరే ఆగిపోతారు. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చారు కాబట్టి ఇక్కడ ఎస్టీలు కారు. వందకు పైగా దేశాల నుంచి వచ్చినవాళ్లు మాత్రం మన ఆడపడుచులే.

ఇక ఆఖరి ప్రశ్న. ‘ప్రపంచ శాంతికి నువ్వేం చేస్తావమ్మా?’ ఆ పిల్ల ఏం చెప్పిందో జడ్జీలకు వినపడలేదు. పైన హెలికాప్టర్ తిరుగుతోంది.

ఇక్కడి నుంచి నాకు నవ్వు రావడం లేదు. 2025 మే 14న ములుగు జిల్లా రామప్పలో మన ఆడవాళ్లు అతిథులుగా వచ్చిన సుందరుల కాళ్లమీద చెంబుతో నీళ్లు పోసి, తువ్వాలుతో తుడిచారు. గుళ్లోకి పోయేముందు కాళ్లు కడుక్కోవడం ఆచారమట. కడుక్కోవడం సరే, ఇంకొకరితో కడిగించడం ఎవరి ఆచారం? సరిగ్గా అదే రోజు, అదే జిల్లా సరిహద్దులోని కర్రెగుట్టల్లో మావోయిస్టుల మీద సాగిన ఆపరేషన్ లెక్కను ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్‌లో పోలీసులు చదివారు. చచ్చినవాళ్లు 31 మంది, అందులో 16 మంది ఆడవాళ్లు. ఒంటిమీద యూనిఫాం ఉందన్నారు, అంతటితో అందరి సందేహాలూ తీరిపోయాయి. ఏ ఊరి పిల్ల, వయసెంత, అడవిలోకి ఎందుకు పోయింది అని అడిగే జడ్జీ ఒక్కడూ లేడు. ఒక ఆడపిల్ల కట్టుకున్న బట్టను చూసి హారతి పట్టడమా, తుపాకీ పట్టడమా అన్నది తేల్చేసే ప్రభుత్వాలు నాకు అందం గురించి పాఠం చెప్పొద్దు. ముందు ఆ చెంబు మన ఆడవాళ్ల చేతికి ఇమ్మని హుకుం వేసిన అధికారి పేరు బయటపెట్టండి.