చూలింతకూ బాలింతకూ చెప్పకూడని సలహాలు

కడుపుతో ఉన్న అమ్మాయి కనిపిస్తే శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఎవరూ సలహా చెప్పకుండా ఉండరు. అత్తలైనా అమ్మమ్మలైనా ప్రేమతోనే చెబుతారు. అయితే వాటిలో కొన్ని పుట్టబోయే బిడ్డ రోగనిరోధక శక్తికి మొదట్లోనే గండి కొడతాయి. ఇకమీదట ఈ అయిదూ ఎవరికీ చెప్పకండి.

1. "ఎక్కువ తినకే, బిడ్డ పెద్దదైపోద్ది, కాన్పు కష్టం."

తల్లి కడుపు మాడ్చుకుంటే బిడ్డ తక్కువ బరువుతో పుడుతుంది. రోగాలతో పోరాడే కణాలకు తర్ఫీదునిచ్చే థైమస్ గ్రంథి తయారయ్యేది కడుపులోనే. పోషణ లేకపోతే అది ఎదగదు. ఆఫ్రికాలోని గాంబియా పల్లెల్లో పంట చేతికి రాని ఆకలి నెలల్లో పుట్టినవాళ్ళు, పెద్దయ్యాక చిన్న వయసులోనే చనిపోవడం ఎక్కువని 1997లో తేలింది. వాళ్ళలో చాలామందిని తీసుకుపోయినవి అంటురోగాలే. గర్భిణికి రోజూ 350 కేలరీలు, పాలిచ్చే తల్లికి తొలి 6 నెలలు 600 కేలరీలు అదనంగా కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. షుగరో బీపీయో ఉంటే మాత్రం డాక్టరు చెప్పిన తిండే తినాలి.

2. "ఐరన్ మాత్రలు మింగితే పిల్లడు నల్లగా పుడతాడు."

రంగు అమ్మానాన్నల పోలికను బట్టి వస్తుంది, మాత్రను బట్టి కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో సగానికి పైగా గర్భిణులకు రక్తం తక్కువ. బిడ్డ తొలి నెలలకు కావలసిన ఇనుమును చివరి మూడు నెలల్లో తల్లి నుంచే దాచుకుంటుంది. రోగాన్ని ఎదిరించే కణాలకూ ఇనుము కావాలి. ఆశ కార్యకర్త ఇచ్చిన మాత్రలు మానకండి. మాత్ర వేసుకునే వేళ టీ తాగకండి.

3. "ముర్రుపాలు పిండి పారబొయ్యండి, తేనె నాకించండి."

ఈ అయిదింటిలో అన్నిటికన్నా ప్రమాదమైనది ఇదే. చిక్కగా, పసుపుపచ్చగా వచ్చే ఆ పాలలో ఉండే ప్రతిరక్షకాలు బిడ్డ పేగులకు పూతలా పట్టుకుని క్రిములను అడ్డుకుంటాయి. తల్లిపాలలోని కొన్ని చక్కెరలు బిడ్డకు అరగవు. అవి పేగుల్లోని మేలు చేసే బాక్టీరియాకు ఆహారం. తేనెతోనైతే ఏడాదిలోపు పిల్లలకు బొటులిజం అనే ప్రాణాంతక జబ్బు రావచ్చు. పుట్టిన గంటలోపే రొమ్ము పట్టించండి. 6 నెలల వరకు మంచినీళ్ళు కూడా వద్దు.

4. "బాలింతకు పథ్యం పెట్టండి. కూరలొద్దు, గుడ్డొద్దు, చేపొద్దు."

తల్లి తిండిలో విటమిన్ ఏ తగ్గితే పాలలోనూ తగ్గుతుంది. అది తక్కువైన బిడ్డలను విరేచనాలు, తట్టు గట్టిగా దెబ్బతీస్తాయి. చోడి అంబలి, తోటకూర, మునగాకు, పప్పు, మెత్తళ్ళు, గుడ్డు అన్నీ పెట్టండి. దాహమేసినన్ని నీళ్ళు తాగనివ్వండి. అంగన్వాడీలో ఇచ్చే గుడ్డూ పాలూ తల్లి కోసం. వాటిని ఇంటిల్లిపాదికీ పంచకండి.

5. "ఏడాది దాటేదాకా పాలు చాలు. గుడ్డు, వేరుశెనగ పడవు."

6 నెలలు నిండాక పాలొక్కటే చాలవు. మెత్తగా చిదిమిన పప్పన్నం, ఆకుకూర, గుడ్డు మొదలుపెట్టి, పాలు రెండేళ్ళ దాకా ఇవ్వండి. అలర్జీ ముప్పు ఎక్కువగా ఉన్న పసివాళ్ళకు మొదటి ఏడాదిలోనే వేరుశెనగ అలవాటు చేస్తే అయిదేళ్ళకు ఆ అలర్జీ సుమారు 80 శాతం తగ్గిందని 2015లో లండన్ పరిశోధన చూపింది. పలుకులు గొంతుకు అడ్డం పడతాయి కాబట్టి మెత్తగా నూరి, పలుచగా కలిపే పెట్టాలి. ఒళ్ళంతా ఎగ్జిమా, దద్దుర్లు ఉన్న బిడ్డకైతే ముందు డాక్టరును అడగండి.

పెద్దమ్మలూ, అత్తలూ, ఇళ్ళలో మీ మాటకు విలువుంది. ఈసారి పురిటింటికి వెళ్ళినప్పుడు పథ్యం చెప్పకండి. రెండు గుడ్లు ఉడకబెట్టి పట్టుకెళ్ళి, ఆ తల్లి చేత దగ్గరుండి తినిపించండి.